డయాలసిస్ లైను, రక్తంలో ఇన్‌ఫెక్షన్: పాఠకుల ప్రశ్నలు, కిడ్నీ వైద్యుని జవాబులు

డయాలసిస్ చేయించుకుంటున్నవారి నుంచీ, వారి కుటుంబ సభ్యుల నుంచీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో నీళ్లు ఎంత తాగవచ్చు, అరటిపండు తినవచ్చా, క్రియాటినిన్ ఎంత ఉంటే ఫర్వాలేదు అని అడిగేవే ఎక్కువ. డయాలసిస్ కోసం మెడ కిందో, ఛాతీ పైభాగంలోనో అమర్చిన గొట్టం, అంటే క్యాథెటర్ (దీన్నే లైను అంటారు) గురించి అడిగేవారు తక్కువ. కానీ మా వార్డుల్లో డయాలసిస్ రోగులు హఠాత్తుగా చేరవలసి వచ్చినప్పుడు, ఆ గొట్టం గుండా రక్తంలోకి చేరిన సూక్ష్మక్రిములే తరచుగా కారణమవుతున్నాయి. వీటిలో చాలా వరకు జాగ్రత్తతో ఆపగలిగినవే. ఈ నెల ఆ విషయంపై వచ్చిన ఉత్తరాలన్నిటినీ ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మావారి వయసు 46. మాకు కొబ్బరి, జీడి తోటలున్నాయి. నాలుగు నెలల క్రితం ఆయనకు కుడివైపు మెడ కింద పర్మ్‌క్యాత్ (ఎక్కువ కాలం ఉంచే డయాలసిస్ లైను) వేశారు. వారానికి రెండుసార్లు డయాలసిస్ జరుగుతోంది. ఈమధ్య రెండుసార్లు మిషన్ పెట్టిన గంటలోపే పళ్లు కొట్టుకునేంత వణుకు వచ్చి, ఆ వెంటనే జ్వరం వచ్చింది. సూదిమందు వేస్తే తగ్గింది. ఇంటికి వచ్చాక మామూలుగానే ఉంటున్నారు. ఏసీ పడలేదని కొందరు, మిషన్ నీళ్లు పడలేదని కొందరు అంటున్నారు. దేనివల్ల ఇలా జరుగుతోంది?
— ఒక పాఠకురాలు, సోంపేట

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివిన వెంటనే, పత్రికలో జవాబు వచ్చేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లమని మీకు ఫోను చేయించాం. ఇదే స్థితిలో ఉన్న మిగతావారి కోసం వివరంగా రాస్తున్నాను.

డయాలసిస్ మొదలైన అరగంట, గంటలో వణుకుతో జ్వరం వచ్చి, ఆ తరువాత తగ్గిపోయి, మళ్లీ మిషన్ పెట్టినప్పుడే తిరగబెడుతోందంటే ముందుగా అనుమానించవలసింది క్యాథెటర్‌నే. ఆ గొట్టం మెడలోని పెద్ద సిర గుండా వెళ్లి గుండె కుడి గది దగ్గర ఆగుతుంది. లోపల రెండు దారులుంటాయి. ఒకదాని గుండా రక్తం మిషన్‌లోకి వెళుతుంది, రెండో దాని గుండా తిరిగి వస్తుంది. డయాలసిస్ లేని రోజుల్లో ఆ దారుల్లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ నింపి మూతలు బిగిస్తారు. మూతలు తీసి పెట్టే సమయంలో ఏ చర్మం మీది క్రిమో, ఏ చేతి మీది క్రిమో లోపలికి చేరితే, అది గొట్టం లోపలి గోడకు అంటుకుని, తన చుట్టూ జిగురులాంటి పొరను అల్లుకుని అక్కడే పెరుగుతుంది. ఈ పొరను బయోఫిల్మ్ అంటారు. మిషన్ నిమిషానికి 250, 300 మిల్లీలీటర్ల వేగంతో రక్తాన్ని లాగి నెట్టడం మొదలుపెట్టగానే ఆ పొరలోని క్రిములు నేరుగా గుండెలోకి, అక్కడి నుంచి ఒళ్లంతటికీ కొట్టుకుపోతాయి. వణుకు అప్పుడే వస్తుంది. శరీరం వాటిలో కొన్నిటిని చంపుకుని తేరుకుంటుంది కనుక మీ ఆయన ఇంటికి వచ్చేసరికి మామూలుగా కనిపిస్తున్నారు. లోపలి పొర మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది.

ఏసీ గాలికి చలి వేయవచ్చు గాని, ఒళ్లు ఎగిరిపడే వణుకూ దాని వెంట జ్వరమూ రావు. నీటి శుద్ధిలో లోపం ఉంటే ఇలాంటి జ్వరం రావడం నిజమే. అయితే అప్పుడు సాధారణంగా అదే షిఫ్టులో డయాలసిస్‌లో ఉన్న మరికొందరికి కూడా వస్తుంది. మిగతా మంచాల వారిని అడిగితే ఆ సంగతి తేలుతుంది.

వణుకు వచ్చినప్పుడు జరగవలసిన మొదటి పని బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష. యాంటీబయాటిక్ ఒక్క మోతాదు కూడా శరీరంలోకి వెళ్లకముందే రెండు విడి నమూనాలు తీయాలి: ఒకటి క్యాథెటర్ నుంచి, మరొకటి చేతి సిర నుంచి. చేతి సిరలను ఫిస్టులా (లైను బదులు సూదులతో డయాలసిస్ చేయడానికి చేతిలో ధమనిని సిరతో కలిపే ఏర్పాటు) కోసం కాపాడుకోవలసినవారికి రెండోది డయాలసిస్ ట్యూబుల నుంచి తీయవచ్చు. ముందు మందు ఇచ్చి తరువాత కల్చర్ పంపితే ఏ క్రిమి వచ్చిందో చాలాసార్లు తేలదు, తేలకపోతే ఏ మందు ఎన్నాళ్లు ఇవ్వాలన్నది ఊహగా మిగిలిపోతుంది. పాశ్చాత్య దేశాల్లో ఈ ఇన్‌ఫెక్షన్లకు చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ జాతి క్రిములే ఎక్కువగా కారణం. మన దేశంలో వాటితోపాటు గ్రామ్ నెగెటివ్ అనే మరో తరగతి క్రిముల వాటా కూడా పెద్దదే, పైగా వాటిలో చాలావాటికి మామూలు మందులు పనిచేయవు. అందుకే ఆర్‌ఎంపీ దగ్గరో, మందుల షాపులోనో తెచ్చుకున్న యాంటీబయాటిక్ బిళ్లలు వాడి కల్చర్‌ను పాడుచేసుకోవద్దని పదేపదే చెబుతుంటాను.

వణుకు తగ్గడానికి వేసే సూదిమందు ఆ గంటకు ఉపశమనం ఇస్తుంది, తప్పులేదు. దానితో సరిపెట్టి ఇంటికి పంపడమే తప్పు. కల్చర్ తీసిన వెంటనే రెండు రకాల క్రిములమీదా పనిచేసే మందులు మొదలుపెట్టి, రెండు మూడు రోజుల్లో ఫలితం వచ్చాక దాన్నిబట్టి మార్చాలి. క్యాథెటర్‌ను ఏం చేయాలన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. జ్వరం రెండు మూడు రోజుల్లో పూర్తిగా తగ్గి, గొట్టం బయటికి వచ్చే చోట చీము లేకపోతే పాతదాని దారిలోనే తీగ సాయంతో కొత్త క్యాథెటర్ మార్చవచ్చు. వచ్చింది స్టెఫైలోకాకస్ ఆరియస్, సూడోమోనాస్, ఫంగస్ వంటిదైనా, చర్మం కింద గొట్టం వెళ్లే దారి ఎర్రబడి చీము పట్టినా, బీపీ పడిపోతున్నా పాతదాన్ని తీసివేయడమే సరైనది. పాత గొట్టాన్ని అలాగే ఉంచి మందులతోనే నెట్టుకొస్తే, బయోఫిల్మ్ లోపలి క్రిములకు మందు సరిగా చేరదు కనుక కోర్సు అయిపోగానే జ్వరం తిరిగి రావచ్చు.

ఈ క్రిములు గుండె కవాటాల మీదా, వెన్నుపూసల మధ్యా, కీళ్లలోనూ స్థావరం ఏర్పరచుకోగలవు. జ్వరం వచ్చి తగ్గిన కొన్ని వారాలకు ఎప్పుడూ లేని నడుము నొప్పి మొదలై రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వకపోతే, దాన్ని తోట పనివల్ల వచ్చిన నొప్పిగా భావించి బామ్ రాసుకుంటూ కూర్చోవద్దు. క్యాథెటర్ జ్వరం వచ్చిన సంగతి చెప్పి వెన్నుకు ఎమ్మారై అవసరమా అని అడగండి. వయసు మళ్లినవారిలోనూ, షుగరు ఉన్నవారిలోనూ జ్వరమే రాకపోవచ్చు. బీపీ పడిపోవడం, మగతగా ఉండటం, మాట తడబడటం, అన్నం ముద్ద దిగకపోవడం మాత్రమే కనిపించవచ్చు.

మీ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎందుకింతగా ఉందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, దాన్ని రాకుండా ఆపే దారి మన చేతుల్లో ఇంకా లేదు. జబ్బు వచ్చిన తరువాత లైను ద్వారా వచ్చే ఇన్‌ఫెక్షన్‌ను ఆపే దారి మాత్రం స్పష్టంగా తెలుసు. 46 ఏళ్ల వయసులో కుటుంబ భారం మోస్తున్న మనిషి, ఆపగలిగిన కారణంతో పోకూడదని నా పట్టుదల. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతోపాటు సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమైంది, మీకు దగ్గర. వణుకు వచ్చిన రోజున డయాలసిస్ కేంద్రం నుంచే నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి, ఇంటికి వెళ్లి చూద్దామనుకోవద్దు.

ప్రశ్న: అమ్మను వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకువెళతాను. సిబ్బంది మంచివాళ్లే గాని ఏదైనా అడిగితే విసుక్కుంటారు. లైను విషయంలో వాళ్లు సరిగా చేస్తున్నారో లేదో మాలాంటివాళ్లకు ఎలా తెలుస్తుంది? ఏం గమనించాలి?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: నాలుగు గంటల డయాలసిస్‌లో మీరు కళ్లు పెట్టి చూడవలసింది మొదటి ఐదు నిమిషాలూ చివరి ఐదు నిమిషాలూ మాత్రమే. లైను మూతలు తీసి మిషన్ ట్యూబులకు కలపడం, తిరిగి విడదీసి మూతలు పెట్టడం అప్పుడే జరుగుతాయి. మూత తీసి ఉన్న క్షణంలో బయటి గాలికీ, మీ అమ్మగారి గుండెకూ మధ్య అడ్డుగా ఉండేది ఒక చిన్న క్లాంప్ (గొట్టాన్ని నొక్కి మూసే క్లిప్పు) మాత్రమే. బీరువా తలుపు బార్లా తెరిచిపెట్టి పక్కింటివాళ్లతో కబుర్లు చెప్పనట్టే, ఆ సమయంలో ఎవరూ మరో పని పెట్టుకోకూడదు, ఫోను ఎత్తకూడదు, పక్క మంచం మిషన్ మోగిందని వెళ్లకూడదు.

సక్రమంగా జరిగే పద్ధతి ఇలా ఉంటుంది. టెక్నీషియన్ లేదా నర్సు కావలసిన సామానంతా ముందే ట్రే మీద పెట్టుకుంటారు. తరువాత చేతులు కడుక్కుంటారు లేదా ఆల్కహాల్ ద్రవంతో రుద్దుకుంటారు, కొత్త గ్లవ్స్ వేసుకుంటారు. పక్క రోగి దగ్గర వేసుకున్న గ్లవ్స్‌తోనే మీ దగ్గరికి రావడం ఏ పరిస్థితిలోనూ సరి కాదు. వారూ, మీ అమ్మగారూ ఇద్దరూ మాస్కు వేసుకోవాలి, అమ్మగారు ముఖం రెండో వైపుకు తిప్పి ఉంచాలి. ముక్కులో ఉండే స్టెఫైలోకాకస్ క్రిములు తుమ్ముతోనో మాటతోనో లైను మీద పడకుండా ఉండటానికే ఇది. రెండు క్లాంపులూ బిగించి ఉన్నాయని చూసుకున్న తరువాతే మూత తీస్తారు. మూత తీశాక లైను కొస మీద, మర మీద, దాని పక్కల ఆరకుండా మిగిలిన రక్తపు మరక ఏదైనా ఉంటే అది పోయేలా, ఆల్కహాల్ లేదా క్లోర్‌హెక్సిడిన్ ప్యాడ్‌తో 10 నుంచి 15 సెకన్లపాటు గట్టిగా రుద్దుతారు. ఒక్కో కొసకు ఒక్కో ప్యాడ్ వాడాలి. రుద్దిన కొసను మళ్లీ పక్క మీద, దుప్పటి మీద పెట్టకుండా ఆరేదాకా చేతిలోనే పట్టుకుని, వెంటనే ట్యూబుకు కలపాలి. నేను చూసిన చాలాచోట్ల లోపం ఇక్కడే ఉంటుంది. పైపైన ఒకసారి తుడిచి వదిలేస్తారు. రుద్దడంలో ఉన్న ఒత్తిడే క్రిములను వదిలిస్తుంది, ద్రవం ఆరితేనే మిగిలినవి చస్తాయి. డయాలసిస్ అయ్యాక కూడా ఇదే పద్ధతి. తీసిన పాత మూతలు పారవేసి కొత్తవి పెట్టాలి.

ఇక డ్రెస్సింగ్. గొట్టం చర్మంలోంచి బయటికి వచ్చే చోటును ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చేసి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ తరువాత కప్పాలి. తడి ఆరకముందే ప్లాస్టర్ వేస్తే మందు పనిచేయదు, చర్మమూ పొక్కుతుంది. క్లోర్‌హెక్సిడిన్ పడనివారికి పోవిడోన్ అయోడిన్ వాడవచ్చు, దానికి ఆరే సమయం మరికాస్త ఎక్కువ కావాలి. అక్కడ యాంటీసెప్టిక్ ఆయింట్‌మెంట్ పూయడం కూడా రక్షణ ఇస్తుంది, అయితే కొన్ని క్యాథెటర్ల ప్లాస్టిక్‌కు కొన్ని ఆయింట్‌మెంట్లు పడవు కనుక ఆ నిర్ణయం కేంద్రానికి వదిలేయండి. డ్రెస్సింగ్ మీద తేదీ రాయమని అడగండి. డ్రెస్సింగ్ విప్పిన ప్రతిసారీ ఎరుపు, చీము, నొప్పి ఉన్నాయా, లోపలి కుట్టు ఊడిందా అని మీరూ తొంగి చూడవచ్చు.

మరొక సంగతి. డయాలసిస్ లైను డయాలసిస్‌కే. ‘సిర దొరకడం లేదు, ఇందులోంచే తీద్దాం’ అని రక్తపరీక్షకో, సెలైను ఎక్కించడానికో ఇతర విభాగాలవారు దాన్ని తెరవబోతే, ప్రాణాపాయ స్థితి తప్ప మరెప్పుడూ ఒప్పుకోవద్దు. తెరిచిన ప్రతిసారీ ప్రమాదం పెరుగుతుంది. తరువాత లోపల నింపవలసిన హెపారిన్ కొలత ఎంతో వారికి తెలియకపోవచ్చు కూడా.

ఇవన్నీ నా సొంత ఉద్దేశాలు కావు. అమెరికాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ డయాలసిస్ కేంద్రాలకు సూచించిన ముఖ్య చర్యల్లో చేతుల శుభ్రత, లైను కొసలు రుద్దడం, క్లోర్‌హెక్సిడిన్, ఆయింట్‌మెంట్, సిబ్బందికి శిక్షణ, రోగులకు అవగాహన, క్యాథెటర్ల సంఖ్య తగ్గించడం ఉన్నాయి. ఇలాంటి చర్యలు పెరిగాక, 2014 నుంచి 2019 మధ్య అక్కడి డయాలసిస్ రోగుల్లో రక్తపు ఇన్‌ఫెక్షన్లు దాదాపు 40 శాతం తగ్గాయని ఆ సంస్థ 2023లో ప్రకటించింది. రోగి వైపు వారు అడగడాన్ని కూడా ఆ సంస్థ రక్షణలో భాగంగానే చూస్తుంది. విసుక్కుంటారని మీరు భయపడుతున్నారు. ‘సరిగా చేయడం లేదేం?’ అని కాకుండా, ‘అమ్మా, ఒక్క నిమిషం, మేం కూడా మాస్కు వేసుకుంటాం, అప్పుడు మూత తీయండి’ అని ముందే అనండి. ఆ ఒక్క మాటతో వాళ్ల చేతులూ నెమ్మదిస్తాయి. అయినా ఫలితం లేకపోతే, మీ కిడ్నీ డాక్టరుకు విడిగా చెప్పండి. అది ఫిర్యాదు చేయడం కాదు, మీ అమ్మగారి ప్రాణానికి సంబంధించిన సమాచారం ఇవ్వడం.

ప్రశ్న: మా కోడలికి 32 ఏళ్లు. ఛాతీ కుడివైపున లైను ఉంది. తలస్నానం ఎలా చేయాలి? లైను చుట్టూ పసుపు రాస్తే మంచిదేనా? వచ్చే గోదావరి పుష్కరాల్లో స్నానం చేయించాలని మొక్కు ఉంది.
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పసుపు వద్దమ్మా. కొబ్బరినూనె, పౌడరు, విభూతి, ఆకు పసరు కూడా వద్దు. వంటింటి పసుపు క్రిమిరహితం కాదు, పైగా ఆ రంగు కింద చర్మం ఎర్రబడిందో లేదో మాకు కనిపించదు.

లైను ఉన్నన్నాళ్లూ డ్రెస్సింగ్ తడవకూడదు. నడుము పైభాగం తడిగుడ్డతో తుడుచుకుని, నడుము కిందికి చెంబుతో పోసుకోవచ్చు. తలంటుకు కోడల్ని కుర్చీలో కూర్చోబెట్టి, తల వెనక్కి వాల్చి, మరొకరు వెనకనుంచి పోస్తే నీళ్లు మెడ ముందుకు రావు. దీన్ని డయాలసిస్‌కు వెళ్లే రోజు ఉదయం పెట్టుకుంటే, ఒకవేళ తడిసినా కొన్ని గంటల్లోనే డ్రెస్సింగ్ మార్పించుకోవచ్చు. మిగతా రోజుల్లో తడిసినా, వేసవిలో చెమటకు అంచులు లేచిపోయినా మరుసటి డయాలసిస్ దాకా ఆగకుండా వెళ్లి మార్పించండి.

మీరు అడగని విషయం ఒకటి చెబుతాను. పెళ్లయిన ఆడవారిలో మంగళసూత్రం, నల్లపూసలు సరిగ్గా కుడి ఛాతీ లైను మీదుగా వేలాడుతుంటాయి. పుస్తెలతాడుకు రాసిన పసుపు చెమటతో డ్రెస్సింగ్ కిందికి దిగడం, తాడుకు తగిలించిన పిన్నీసు లైనుకు గుచ్చుకోవడం, నిద్రలో గొలుసు క్లాంపుకు చిక్కుకుని లాగడం నేను చూశాను. లైను తీసేదాకా సూత్రాలను ఒక పొట్టి గొలుసుకు మార్చి ఎడమ పక్కకు పిన్ను చేసుకోమని, లేదా చేతికి కట్టుకోమని చెప్పండి. అత్తగారిగా మీరు చెబితే ఆ అమ్మాయి మనసులో గిల్టు ఉండదు. ముందు హుక్కులున్న జాకెట్టు, లేదా ముందు బొత్తాలున్న నైటీ అయితే మూతలు లాగబడవు.

2027 పుష్కరాల నాటికి ఆమెకు ఫిస్టులా తయారై లైను తీసివేసి, ఆ గాయం పూర్తిగా మానితే మీ డాక్టరును అడిగి నిర్ణయించుకోవచ్చు. లైను ఉంటే మాత్రం రేవులో మునగడం కుదరదు. లక్షల మంది దిగే నీటిలో ఎన్నో క్రిములు ఉంటాయి. గట్టున కూర్చుని పాదాలు తడుపుకున్నా, మీరు మునిగి వచ్చి వేళ్లతో నాలుగు చుక్కలు నెత్తిన చల్లినా మొక్కు తీరినట్టేనని పురోహితులే చెబుతారు, అడగండి.

ప్రశ్న: తొడ దగ్గర లైను వేసి, రెండు డయాలసిస్‌లు చేసి, ‘మూడు రోజులకోసారి రండి’ అని ఇంటికి పంపారు. ఫర్వాలేదా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఫర్వాలేదని చెప్పలేను. తొడ లైను అత్యవసరంలో కొద్ది రోజుల కోసం, ఆసుపత్రిలో ఉన్నవారికి వేసేది. గజ్జల్లో తేమవల్ల అక్కడ ఇన్‌ఫెక్షన్ ముప్పు ఎక్కువ. మెడ దగ్గర వేసే తాత్కాలిక లైను కూడా రెండు వారాలకు మించి ఉంచకపోవడం మంచిది. ఆ తరువాత కూడా డయాలసిస్ కావాలంటే చర్మం కింద కొంత దూరం నడిపించి, మధ్యలో చిన్న గుడ్డ పట్టీ లాంటి కఫ్ ఉండే పర్మ్‌క్యాత్ వేయాలి. కొన్ని వారాల్లో ఆ కఫ్ చుట్టూ కండ అల్లుకుని, చర్మం మీది క్రిములు గొట్టం వెంట లోపలికి పాకకుండా అడ్డుపడుతుంది. మీరు ఈ వారంలోనే వెళ్లి మార్చమని అడగండి.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు, షుగరు ఉంది. ‘లైనులో సూది పోటు లేదు, హాయిగా ఉంది, చేతికి ఆపరేషన్ వద్దు’ అంటున్నారు. ఏడాదిగా ఏ ఇబ్బందీ లేదు కనుక లైనుతోనే కొనసాగించవచ్చా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ నాన్నగారి మాట నేను దాదాపు ప్రతి వారం వింటాను, ఆయన భయం నాకు అర్థమవుతుంది. ప్రతి డయాలసిస్‌కు రెండు లావుపాటి సూదులు గుచ్చుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. అయినా ఈ విషయంలో ఆయనతో ఏకీభవించలేను. సీడీసీ లెక్కల ప్రకారం, ఫిస్టులా ఉన్నవారితో పోలిస్తే క్యాథెటర్‌తో డయాలసిస్ చేయించుకునేవారికి స్టెఫైలోకాకస్ ఆరియస్ రక్తంలోకి చేరే ముప్పు సుమారు 6 రెట్లు. పైన చెప్పిన మాస్కులూ, రుద్దడాలూ, డ్రెస్సింగులూ అన్నీ ఉన్న ముప్పును తగ్గించేవి. ఫిస్టులా వస్తే ఆ గొట్టమే ఉండదు. ఏడాదిగా ఏమీ కాలేదన్నది అదృష్టం, దాన్ని రక్షణగా లెక్కించకూడదు. అదీగాక, లైను ఏళ్ల తరబడి ఉంటే ఛాతీలోని పెద్ద సిరలు సన్నబడతాయి. తరువాత ఆ వైపు ఫిస్టులా పెట్టినా చేయి వాచిపోయి పనికిరాకుండా పోతుంది.

మణికట్టు దగ్గర ధమనిని పక్కనే ఉన్న సిరతో కలిపే ఈ చిన్న శస్త్రచికిత్సను 1966లో న్యూయార్క్‌లో బ్రెసియా, సిమినో బృందం ప్రపంచానికి చూపింది. దాదాపు 60 ఏళ్ల తరువాత కూడా దానికి మించిన ద్వారం దొరకలేదు. చేతికి మాత్రమే మత్తు ఇచ్చి చేస్తారు. సిర ఉబ్బి, గోడలు మందమై, సూదికి అనువుగా తయారవడానికి సాధారణంగా 6 నుంచి 8 వారాలు, షుగరు ఉన్నవారిలో ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. అప్పటివరకు లైను ఉంటుంది. ముందుగా డాప్లర్ స్కాన్‌తో చేతి సిరల కొలతలు చూస్తారు. సిరలు మరీ సన్నగా ఉంటే కృత్రిమ గొట్టంతో గ్రాఫ్ట్ పెట్టవచ్చు, దానికి ఎదురుచూడవలసింది రెండు మూడు వారాలే. గుండె బాగా బలహీనంగా ఉన్నవారికి ఫిస్టులా భారం కావచ్చు. అలాంటివారికి పొట్ట డయాలసిస్ గురించి ఆలోచిస్తాం, లేదా లైనుతోనే జాగ్రత్తగా కొనసాగిస్తాం. ఈ తేల్చడం డాక్టరు చేయాలి, సూది భయం చేయకూడదు. సూది గుచ్చే చోట మత్తు క్రీము రాస్తే మొదటి వారాల నొప్పి చాలా తగ్గుతుంది.

ఆపరేషన్ అయ్యాక ఆ చేతిమీద వేళ్లు పెడితే జలజలమని కంపనం తెలియాలి. రోజూ నిద్ర లేవగానే దాన్ని చూసుకోవాలి, అది ఆగితే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, రక్తం తీయకూడదు, బరువు సంచులు తగిలించుకోకూడదు. ఆరోగ్య పథకం కింద ఈ శస్త్రచికిత్స ఏ ఆసుపత్రిలో అందుతుందో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

ఇంకా డయాలసిస్ మొదలుకానివారికి ఒక విన్నపం. ‘మీ కిడ్నీలు ఏడాదిలోపు డయాలసిస్ దశకు రావచ్చు’ అని డాక్టరు అన్న రోజే ఎడమ చేతిని, ఎడమచేతి వాటం వారైతే కుడిచేతిని, పక్కకు తీసి పెట్టుకోండి. ఆ చేతికి సెలైను సూదులు వేయనివ్వకండి. ఫిస్టులా అప్పుడే పెట్టించుకుంటే లైను అవసరమే రాకపోవచ్చు. మనవాళ్లు ‘ఇంకా చూద్దాం, నాటు మందు వాడదాం’ అంటూ కాలం గడిపి, ఊపిరాడని స్థితిలో అర్ధరాత్రి వస్తారు. అప్పుడు మా ముందు మెడ లైను తప్ప మరో దారి ఉండదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ప్రశ్న: ఇన్‌ఫెక్షన్ రాకుండా రోజూ ఒక యాంటీబయాటిక్ బిళ్ల వేసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దు. అలా వాడితే మందుకు లొంగని క్రిములు పెరుగుతాయి, నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయదు. పదేపదే ఇన్‌ఫెక్షన్ వస్తున్నవారికి లైను లోపల హెపారిన్‌తోపాటు క్రిములను అడ్డుకునే ద్రవం నింపే పద్ధతి ఉంది. టారోలిడిన్ కలిసిన అలాంటి ద్రవానికి అమెరికాలో 2023 నవంబరులో అనుమతి లభించింది. అది మీకు తగునా లేదా అన్నది మీ నెఫ్రాలజిస్టు చెప్పాలి.

ప్రశ్న: నేను ఒక పట్టణ డయాలసిస్ కేంద్రంలో టెక్నీషియన్‌ను. ఒక షిఫ్టు దిగేలోగా మరో షిఫ్టువారు తలుపు దగ్గర నిలబడి ఉంటారు. ఈ తొందరలో అన్నీ పాటించడం సాధ్యం కావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: మీరు ఈ ప్రశ్న అడిగినందుకు మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. ముందు లెక్కతో మొదలుపెట్టండి. మీ కేంద్రంలో లైను ఉన్న రోగులు 20 మంది అనుకుందాం. నెలకు 30 రోజుల చొప్పున అది 600 క్యాథెటర్ రోజులు. ఆ నెలలో ముగ్గురికి కల్చర్‌లో క్రిమి తేలితే, వెయ్యి క్యాథెటర్ రోజులకు 5 ఇన్‌ఫెక్షన్లు అయినట్టు. బాగా నడిచే కేంద్రాల్లో ఇది 1 దగ్గరో, అంతకంటే తక్కువో ఉంటుంది. ఈ అంకెను నెలనెలా తెల్లకాగితం మీద పెద్దగా రాసి సిబ్బంది గదిలో అంటించండి. మరో మనిషిని ఇవ్వమని యాజమాన్యాన్ని అడిగేటప్పుడు కూడా ఆ కాగితమే మీకు బలం.

ఆ తరువాత పట్టుకోవలసినవి చేతుల శుభ్రత, కొసలు రుద్దడం. ప్రతి మంచం దగ్గర, అడుగు వేయకుండా అందేంత దూరంలో, చేతులు రుద్దుకునే ద్రవం సీసా వేలాడదీయించండి. దూరం వెళ్లి తెచ్చుకోవాలంటే తొందరలో ఎవరూ వెళ్లరు. ఒక్కో లైను రోగికి కావలసిన మాస్కులు, ప్యాడ్లు, మూతలు, గ్లవ్స్, గాజ్ గుడ్డలను (డ్రెస్సింగ్‌కు వాడే పలుచని బట్ట) తెల్లవారుజామునే ఒక్కో పొట్లంగా కట్టి ఉంచితే మూత తీసి సామాను వెతుక్కునే పరిస్థితి రాదు. లైను రోగులిద్దరికి ఒకేసారి మిషన్ కలపవద్దు, ఒకరిది పూర్తయ్యాకే రెండో వారి దగ్గరికి వెళ్లండి. పది నిమిషాలు ఆలస్యమైతే బయట ఉన్నవారు గొణుగుతారు. వారికి కారణం చెప్పండి. రేపు వారి లైను తెరిచేటప్పుడూ అంతే జాగ్రత్త తీసుకుంటారని వారికీ అర్థమవుతుంది.

ప్రశ్న: ఇంట్లో ఉన్నప్పుడు లైను మూత ఊడినా, లైనే బయటికి వచ్చినా ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: మూత ఊడితే ముందు ఆ గొట్టం మీది క్లాంప్ బిగించి ఉందో లేదో చూసి, లేకపోతే వెంటనే బిగించండి, క్లాంప్ విరిగితే గొట్టాన్ని మడిచి వేళ్లతో గట్టిగా పట్టుకోండి. మనిషిని పడుకోబెట్టండి. తెరిచి ఉన్న లైనులోంచి రక్తం పోవడమే కాకుండా గాలి గుండెలోకి వెళ్లే ప్రమాదం ఉంది, నిలబడినప్పుడు అది మరీ ఎక్కువ. కిందపడిన మూతను తుడిచి మళ్లీ పెట్టవద్దు. కొసను శుభ్రమైన గాజ్ గుడ్డతో కప్పి ఆసుపత్రికి తీసుకువెళ్లండి, మూత ఊడి ఎంతసేపైందో అక్కడ చెప్పండి.

లైను సగం జారి కఫ్ బయటికి కనిపిస్తుంటే లోపలికి తోయవద్దు, అలాగే ప్లాస్టర్‌తో అంటించి తీసుకువెళ్లండి. పూర్తిగా ఊడివస్తే పడుకోబెట్టి, ఛాతీ మీది రంధ్రాన్నే కాకుండా, కాలర్ ఎముకకు కాస్త పైన మెడ దగ్గర, లైను వేసినప్పటి చిన్న గాటు ఉన్న చోటును కూడా శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టుకోండి. రక్తం వచ్చేది ఆ సిరలోంచే. అదిమిన చెయ్యి తీయకుండానే మరొకరు 108కు ఫోను చేయాలి. ఈ నంబరూ, మీ డయాలసిస్ కేంద్రం నంబరూ, మీరు వాడుతున్న మందుల పేర్లూ ఒక కాగితం మీద రాసి రోగి మంచం పక్క గోడకు ఈ రోజే అంటించండి.